గొళ్ళెం సంగతి

పెట్టె మూత ఎత్తగానే కార్బన్ కాగితాల వాసన గుప్పుమంది. అంతే, నా ఒళ్ళు ఝల్లుమంది. జమ్మలమడుగులో తాలూకా ఆఫీసు ముందు, రేకుల పందిరి కింద, అర్జీలు రాసే దేవసహాయం సార్ పక్కన మళ్ళీ వెళ్ళి కూర్చున్నట్టే అయింది. సార్ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఆయన కూతురు పాత ఇల్లు ఖాళీ చేస్తూ, "నాన్న కాగితాలు నీకే పనికొస్తాయక్కా" అని ఈ ఇనప్పెట్టెను ప్రొద్దుటూరులో మా ఇంట్లో దింపి వెళ్ళింది. పైన సార్ పలక, దాని కింద కట్టలు కట్టలుగా అర్జీల నకళ్ళు. నాకు కావలసింది వాటిలో ఒకే ఒక్క కాగితం. ఒక్కొక్క కట్టా విప్పుతూ కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు అన్నానికి పిలిచాడట, పలికితే ఒట్టు!

ఆ పలక గురించి చెప్పాలి. సార్ మిషన్ బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాక అర్జీల బల్ల పెట్టుకున్నారు. పలకను మాత్రం వదల్లేదు. ఎవరొచ్చినా ముందు దాని మీద నిలువుగా రెండు గీతలు గీసేవారు. చూసింది ఒక గడిలో, విన్నది ఒక గడిలో, అనుకున్నది ఒక గడిలో. అన్నీ రాసుకుని, మూడో గడిని చొక్కా చేత్తో తుడిచేసి, మిగిలింది టైపు కొట్టేవారు. ఒకసారి కొండాపురం నుంచి ఒకాయన తన గేదె పోయిందని రంకెలు వేస్తూ వచ్చాడు.

"మా దాయాదే తోలకపొయినాడు సార్, రాయండి!"

"నువ్వు చూసినావా, విన్నావా, అనుకుంటాండావా?"

"చూడల్యా. ఆయప్ప కాకుంటే ఇంగెవురు తోలకపోతారు?"

"ఎనుము పోయింది. నీకు తెల్సింది అంతవరకే నాయనా" అంటూ సార్ మూడో గడి తుడిచేశారు. నాలుగో రోజు ఆ గేదె దానంతటదే ఇంటికి వచ్చింది. మేమిద్దరం ఎంత నవ్వుకున్నామో! అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, సార్ దగ్గర టైపు పనికి కొత్తగా చేరాను. టైపు హయ్యర్ పాసయ్యానన్న పొగరు నెత్తికెక్కి ఉండేది. నా వేళ్ళు పరిగెత్తుతుంటే అర్జీల కోసం వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆ చూపులంటే నాకు భలే ఇష్టం.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఊరికి రెండు పార్టీలు. ఒక పార్టీ వాడి గడ్డివాము కాలినా, కాలు విరిగినా, కేసులో ఎదుటి పార్టీ పెద్ద తలకాయలన్నిటినీ ఇరికించాల్సిందే. ఎవరు చేశారన్నది తర్వాతి మాట. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున పెద్దముడియం వైపు నుంచి నాగమ్మ వచ్చింది. గొర్రెలు కాసుకునే వాళ్ళ ఇంటి మనిషి. ముందురోజు పొద్దుగుంకేటప్పుడు ఆమె ఉండే బోదకొట్టం, గడ్డి కప్పిన గుడిసె, కాలిపోయింది. లోపల నిద్రపోతున్న నాలుగేళ్ళ బిడ్డ కాలిపోయింది. మొగుడు గొర్రెల వెంట దూరాన ఉన్నాడు, ఇంకా కబురే అందలేదు. ఆమె ఏడవడం లేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

"నీళ్ళకు పోతా వాకిలి దగ్గరికేసి పొయినా సార్. గొళ్ళెం పెట్టల్యా. వచ్చి చూస్తే బయట గొళ్ళెం పెట్టి ఉండాది."

"ఎవరినన్నా చూసినావా తల్లీ?"

"ల్యా సార్. కిరసనాయిలు వాసన మాత్రం వచ్చింది."

సార్ పలక మీద మూడో గడి ఆ రోజు ఖాళీగానే ఉంది. బిడ్డ పేరు అడిగారు. కార్బన్ పెట్టి చిత్తు కాపీ తనే కొట్టారు. రిబ్బన్ పాతదై అక్షరాలు వెలిసిపోయినట్టు పడ్డాయి. "ఈ అర్జీలో అక్షరం అక్షరం కనపడాల. ప్రొద్దుటూరు పొయ్యి కొత్త రిబ్బన్ తెస్తా. నేనొచ్చేదాకా ఎవురొచ్చినా ఆగమను" అని నాకు చెప్పి బస్సెక్కారు. నాగమ్మ వేపచెట్టు కింద కూర్చుంది.

గంట కాలేదు, దుమ్ము రేపుకుంటూ రెండు జీపులు వచ్చి ఆగాయి. ఆ ఊళ్ళో నాగమ్మ వాళ్ళ పార్టీని నడిపే పెద్దాయన దిగాడు. పద్నాలుగు పేర్ల జాబితా నా ముందు పెట్టాడు. వాళ్ళందరూ జీపులో వచ్చి బాంబులేసి ఇల్లు కాల్చినట్టు రాయాలట.

"సార్ వస్తాడు, ఆగండి" అన్నాను.

"టేషన్లో ఇప్పుడే ఇయ్యాల పాపా. నువ్వు శానా స్పీడంట గదా? చూద్దాం నీ పనితనం!"

భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ భయం కంటే హుషారు ఎక్కువైంది. అంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే నా తిక్క ఆగుతుందా! ఒక్క తప్పు లేకుండా పావుగంటలో కొట్టేశాను. "ఓయబ్బ, మిషన్ గన్ను!" అన్నాడొకడు. నేను మురిసిపోయాను. నాగమ్మను పిలిచారు. నేనే ఆమె బొటనవేలు పట్టుకుని సిరా అద్దాను.

"గొళ్ళెం సంగతి ఉండాదా పాపా?" అంది.

"అన్నీ ఉన్నాయక్కా" అన్నాను.

మధ్యాహ్నం సార్ వచ్చారు. నేను గొప్పగా నకలు చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివారు. మళ్ళీ చదివారు. "ఆ బిడ్డ పేరు యాడ?" అన్నారు. వెతికాను. పద్నాలుగు పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊర్లు అన్నీ ఉన్నాయి. చనిపోయిన పిల్ల పేరు లేదు. "గొళ్ళెం యాడ పాయ?" అన్నారు. సార్ చిత్తు కాపీ తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఆ ఎండలో స్టేషన్‌కు పరిగెత్తారు. ఒకసారి వేలిముద్ర పడ్డాక రెండో కథ చెల్లదన్నారట పోలీసులు. చిత్తు కాపీని కూడా అక్కడే వదిలేసి, వట్టి చేతులతో వచ్చారు.

ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు ఆ రోజు కడప జైల్లో ఉన్నారు. బాంబుల ఆనవాలు ఒక్కటీ దొరకలేదు. కేసు కొట్టేశారు. గొళ్ళెం ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. ఎదుటి పార్టీ వాళ్ళా, కేసు కోసం సొంత పార్టీ వాళ్ళేనా, ఇంకెవరైనా చేశారా, ఈ రోజుకూ తెలియదు. పోలీసులు అడగకపోతే ఊరు ఊరుకుంటుందా? "తల్లే గొళ్ళెం పెట్టి పొయింటాది, ఇప్పుడు మాట మారుస్తాంది" అన్నారు. చివరికి మొగుడూ అదే మాట అన్నాడు. నాగమ్మ మిగిలిన కూతురితో పులివెందుల చేరింది. నేను కనబడినప్పుడల్లా, "అర్జీలో రాసినా ఎవురూ అడగల్యా పాపా, యాలనో" అనేది. నేను తల ఊపేదాన్ని. చెప్పే ధైర్యం చాలలేదు.

సార్ నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. మర్నాడు పలక నా ఒళ్ళో పెట్టి, "ఇంగ నువ్వు అడుగు. నేను కొడతా" అన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ అట్లాగే సాగింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో నాకూ ఒక బల్ల ఉంది, దాని మీద కంప్యూటర్ ఉంది. ఎవరొచ్చినా ఆ మూడు మాటలు అడగకుండా నా వేలు మీట మీద పడదు.

అడుగునున్న కట్టలో దొరికింది! సార్ కొట్టిన చిత్తు కాపీకి కార్బన్ నకలు. ఎగిరి గంతేశాను, ఈ వయసులో! ఆ పూటే పులివెందుల బస్సెక్కాను. నాగమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కాగితం చూపించి గొళ్ళెం మాట చదవగానే ఆమె ముఖం విప్పారింది.

"అయితే ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమే గదా పాపా!"

సార్ పలక పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగినట్టే అనిపించింది.

"కాదక్కా. నేను నీతో వేలిముద్ర వేయించిన కాగితం ఇది కాదు. దాంట్లో గొళ్ళెం లేదు. నీ బిడ్డ పేరు కూడా లేదు. నేను అబద్ధం చెప్పాను."

కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. చేతిలోని గింజలు చాటలో వేసి, లోపలున్న కూతుర్నీ, అల్లుడినీ, పక్కింటి వాళ్ళనూ కేకేసి పిలిచింది. అందరూ వచ్చి నిలబడ్డారు.

"మొదట్నించి సదువు" అంది. "గట్టిగా సదువు."

చదివాను. "నా బిడ్డ పేరు లక్ష్మీదేవి. వయసు నాలుగేళ్ళు. నేను నీళ్ళకు పోతూ వాకిలి దగ్గరికి వేశాను. గొళ్ళెం పెట్టలేదు."