కొండ పక్క గోడ

మా స్టేషన్‌ను కనిపెట్టుకుని ఉన్న తాపీ మేస్త్రి పోయారని పోయిన సోమవారం పొద్దున టికెట్ కిటికీ దగ్గర తెలిసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు ముందు ఏడుపు రాలేదు. ఆకాశం వైపు చూశాను. మబ్బు పట్టి ఉంది.

బొర్రా దాటి అరకు వైపు ఎక్కే రైలుదారిలో మాది చిన్న స్టేషన్. రాతి గోడలు, ఏటవాలు కప్పు, జల్లు కొట్టకుండా బాగా ముందుకు చాచిన చూరు. పర్యాటకులు దిగీ దిగగానే ఫోటోలు తీస్తారు. బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ ఇక్కడే రైలెక్కే నేనూ ఆ అందమే చూసేవాణ్ణి. మేస్త్రి ఒకరోజు నన్ను చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం వెనక్కి తీసుకెళ్ళి, కొండ జారిపడకుండా కట్టిన గోడ చూపించారు. దాని నిండా వరసగా కన్నాలు.

"ఇయ్యి కారాల మాస్టారూ. కారకపోతే నీళ్ళన్నీ గోడెనకాల దాక్కుంతాయి. ఓ రోజు గోడ మొత్తాన్ని తోసేత్తాయి."

పని మానేశాక కూడా వానాకాలమంతా పొద్దున్నే ఇనప చువ్వతో వచ్చి, ఒక్కో కన్నం పొడిచి, ఆకులూ మట్టీ లాగేవారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. టీ ఇప్పిస్తే మాత్రం చక్కెర తక్కువైందని గొణిగేవారు.

నిరుడు స్టేషన్‌కు కళ తేవాలని ఆ గోడంతా సిమెంటు మెత్తి ధింసా ఆడే ఆడవాళ్ళ బొమ్మలు వేశారు. కన్నాలన్నీ పూడిపోయాయి. మర్నాడే మేస్త్రి బొమ్మల నడుముల్లోంచి చువ్వ దించారు. రంగులేసినవాళ్ళు కేకలేశారు.

"బొమ్మ మల్లీ ఏసుకోండి నాయనా. కొండని మల్లీ ఎక్కించగలరేటి?"

తర్వాత నా వైపు తిరిగి, "నీరు తేటగా వత్తే పరవాలేదు. ఎర్రగా వత్తే ఎనకాల మట్టి కదుల్తున్నట్టే, జనాన్ని అక్కణ్ణించి లేపండి" అని చెప్పి చువ్వ అందించబోయారు. రైలొస్తోందని తప్పించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపంగా ఉంది.

ఈ పొద్దున జోరు వాన. అల్లం బుట్టలతో సంతకు బయల్దేరిన ఆడవాళ్ళు, తలల మీద గోనెలు కప్పుకుని, గాలి తగలదని ఆ గోడకే ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్క కన్నంలోంచి సన్నగా నీరు. ఎర్రగా ఉంది.

"అమ్మా, బేగి లెగండి. చూరు కిందకి రండి."

"ఏటైంది మాస్టారూ? రైలొత్తందా?"

మేస్త్రి ఒక్క కసురు కసిరితే బుట్టలు వదిలేసి మరీ లేచేవారు. నా మాటకు ఒకావిడ నవ్వింది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ బుట్టే ఎత్తుకుని పరుగు తీశాను.

"ఓరి, నా అల్లం!" అంటూ ఆవిడ వెంటపడింది. మిగిలినవాళ్ళు ఆవిడ వెనక.

చూరు కిందకొచ్చి నన్ను తిడుతూ తిడుతూనే ఆవిడ గోడ వైపు తిరిగి ఆగిపోయింది. ఇంకో రెండు కన్నాలు ఎర్రబడ్డాయి. బుట్ట ఇంకా నా చేతుల్లోనే ఉంది, ఎవరూ అడగలేదు.