లింగంపల్లి రైల్లో మేడ్చల్ సీట్లు

ఈ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్లో మా మేడ్చల్ ప్యాసింజర్ ఎప్పటిలాగే ఆలస్యమైంది. నేనూ, మార్కెట్లో ఆకుకూరలు అమ్ముకుని ఇంటికొస్తున్న మా పక్కింటి యాదమ్మా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఎదురుగా లింగంపల్లి వెళ్లే కొత్త లోకల్ రైలు తళతళలాడుతూ ఆగి ఉంది. యాదమ్మ ఆడవాళ్ల పెట్టె కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, పక్కనే నిలబడ్డ రైల్వే ఉద్యోగిని అడిగింది.

“గీ బండి మా మేడ్చల్‌కు ఎప్పుడొస్తది సారూ?”

“ఇంకా ఆలోచిస్తున్నరమ్మా. మీ దిక్కు ఎక్కెటోళ్లు ఉండాలె గదా!”

రోజూ తలుపు దగ్గర వేలాడుతూ వచ్చే మమ్మల్ని పట్టుకుని ఆ మాట! నాకు ఒళ్లు మండిపోయింది. యాదమ్మ మాత్రం నడుముకు దోపుకున్న దస్తీ తీసి, బస్సులో సీటు ఆపుకున్నట్టే, కిటికీలోంచి ఖాళీ సీటు మీద వేసింది.

“ఇగ గా సీటు నాది. మేడ్చల్‌కు వచ్చినంక కూసుంట.”

ఆయన నవ్వాడు. నేనూ నా దస్తీ తీసి పక్క సీటు మీద వేశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. రైలు మా రెండు దస్తీలతో కదిలిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మా ప్యాసింజర్లో కాలు పెట్టే సందు లేదు. చెమట కొంగుతో తుడుచుకుంటూ ఇల్లు చేరాం.

లింగంపల్లి వైపు వెళ్లే అక్కచెల్లెళ్లారా, ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన రెండు దస్తీలు కనిపిస్తే తీయకండి. ఎవరైనా అడిగితే చెప్పండి: ఆ సీట్లకు మనుషులున్నారు, మేడ్చల్లో ఎక్కుతారు.