ఇంటిపేరు ముందు రాసిన సీఐ గారు

సీఐ గారు పోయారు. మంగళవారం పొద్దున బెడోక్ మార్కెట్లో చేపలు కోయించుకుంటూ ఉంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న ఇందాకే..." అని ఆగిపోయింది. మిగతాది నేను అడగలేదు.

నిజం చెబుతాను, నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది పన్నెండేళ్లు మోసిన కోపం. మా ఇంటిపేరును దొంగల చేతిలో పెట్టిన మనిషి, దాన్ని వెనక్కి తెచ్చివ్వకుండానే వెళ్లిపోయాడు. వచ్చే నెల పదహారో తేదీ, శనివారం, నా మనవరాలు ఆ దొంగలున్న దేశానికే విమానం ఎక్కుతోంది. అదే ఇంటిపేరుతో. ఆయన ఉంటే ఏం చెయ్యాలో ఆయన్నే అడిగేవాణ్ణి. లేరు కాబట్టి మీ ముందు రాస్తున్నాను.

ఈ పత్రిక చదివే మీకందరికీ సీఐ అంకుల్ తెలుసు. ఈ పరాయి దేశంలో మన తెలుగు సంఘం ఉగాదికి అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దే పెద్దాయన. ఎక్కడ కూర్చున్నా తలుపు కనిపించేలా కూర్చునేవారు. తిన్న ప్లేటు ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు, తానే కడిగేవారు. మీకు తెలిసింది అంతే. నాకు తెలిసింది వేరే ఉంది.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. వెల్డర్ని. ఓడల యార్డులో ముప్పై ఏళ్లు పనిచేశాను. పత్రిక వాళ్లు అక్షరాలు దిద్దుతామన్నారు. దిద్దుకోండి, వాక్యాలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

పన్నెండేళ్ల కిందట యార్డులో పని తగ్గింది. ఒక కాంట్రాక్టరు మాలో కొందరిని వేరే దేశానికి పంపాడు. దేశం పేరు రాయను. అక్కడ వాళ్లలో వాళ్లకు యుద్ధం అయి అప్పుడే ఆగింది. శాంతి నిలబెట్టడానికి చాలా దేశాల సైనికులు, పోలీసులు వచ్చి ఒక క్యాంపులో ఉన్నారు. ఆ క్యాంపుకు జనరేటర్లు, డీజిలు చూడడం మా పని. డీజిలు యార్డు నాది. వంటశాలలో మా చిన్నాన్న కొడుకు పనిచేసేవాడు. నా తమ్ముడు. నేనే మాటిచ్చి పిలిపించుకున్నాను వాణ్ణి.

సీఐ గారు మన రాష్ట్రం పోలీసుల నుంచి ఆ క్యాంపుకు వచ్చారు. మొదటి రోజే చింతపండు చారు వాసన పట్టి, తన ప్లేటు తానే పట్టుకుని వంటశాల వెనక గుమ్మంలో నిలబడ్డారు. "ఏమయ్యా మేస్త్రీ, మీ దేశానికి వీసా కావాలా?" అన్నారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం మా దగ్గరే.

తింటూ చెప్పేవారు. తుపాకులు మోగుతున్నప్పుడు దొంగ ఎటువైపు ఉన్నాడో తెలుస్తుంది మేస్త్రీ, శాంతి వచ్చాకే తెలియదు, అని. యుద్ధంలో రెండు పక్షాలకూ తుపాకులు అమ్మిన ముఠాయే శాంతి వచ్చాక డీజిలు, సిగరెట్లు, మనుషులు సరిహద్దు దాటిస్తోంది. ఊరి పోలీసు పెద్ద వాళ్ల మనిషి. శాంతి దళం పోలీసులకు అక్కడ తుపాకి లేదు, అరెస్టు చేసే అధికారం లేదు. చూడాలి, రాయాలి, ఆ ఊరి పోలీసుకే అప్పజెప్పాలి. "ఇరవై ఐదేళ్లు లాఠీ పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు పెన్ను ఒక్కటే ఇచ్చారు" అనేవారు.

నాకొక అలవాటు ఉంది. ట్యాంకరు యార్డులోకి రాగానే కొలబద్ద దించేముందు ట్యాంకులోని ప్రతి అరనూ స్పానరుతో కొట్టి చూస్తాను. కొలబద్దను మోసం చెయ్యొచ్చు. ఇనుమును చెయ్యలేరు. నిండుగా ఉంటే ఒక చప్పుడు, ఖాళీగా ఉంటే ఒక చప్పుడు. ఆ రోజు పొద్దున పది గంటలకు వచ్చిన బండికి మూడు అరలు. రెండు నిండుగా పలికాయి. మూడోది డొల్లగా పలికింది. ఇంకోసారి కొట్టాను.

లోపలినుంచి ఎవరో తిరిగి కొట్టారు.

డ్రైవరు నా వంకే చూస్తున్నాడు. నేను ఏమీ విననట్టు కాగితం మీద గీత గీసి, నీళ్లు తాగొస్తానని సైగ చేసి, వంటశాల దాకా నడిచాను. పరుగెత్తలేదు. ఆ నడక ఇప్పటికీ కల్లోకి వస్తుంది. సీఐ గారు విన్నారు, ప్లేటు కింద పెట్టారు, బయటికి వచ్చి ఆ మూత తీయించారు. లోపల ఇద్దరు ఆడపిల్లలు. నా మనవరాలికి ఇప్పుడున్న వయసు కూడా లేదు వాళ్లకి. డీజిలు దించాక ఆ బండి సరిహద్దుకు వెళ్తుంది, క్యాంపు బండి కాబట్టి దారిలో ఏ చెక్‌పోస్టూ ఆపదు. మా జెండా కిందే ముఠా వాళ్లు ఆ పిల్లల్ని తీసుకెళ్తున్నారు.

పిల్లల్ని ఆస్పత్రికి పంపారు. డ్రైవర్ని రూలు ప్రకారం ఊరి పోలీసుకు అప్పజెప్పారు. సాయంత్రానికి వాడు బజారులో టీ తాగుతున్నాడు.

అప్పుడు సీఐ గారు నన్ను వాంగ్మూలం అడిగారు. శాంతి దళంలో ముఠాల మీద పనిచేసే ప్రత్యేక జట్టు ఒకటి కొత్తగా వచ్చిందట. సాక్షి మాట లేకపోతే వాళ్లు కదలలేరట. నాకు భయం, ఇవ్వనన్నాను. మూడు రోజులు అడగలేదు. నాలుగో రోజు ఒక్కటే అన్నారు.

"వాళ్లు కొట్టింది నీకు వినపడింది మేస్త్రీ. నాకు కాదు."

ఇచ్చాను. ఆయనే రాశారు. ఊళ్లో పంచనామా రాసినట్టే రాశారు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, వయసు. అలవాటు మీద కులం కూడా రాయబోయి నాలుక్కరుచుకుని ఆపేశారు. ఇద్దరం నవ్వుకున్నాం. నా పేరు బయటికి రాదని మాటిచ్చారు.

ఆ కాగితం నకలు అక్కడి కోర్టుకు వెళ్లాలి. సాక్షి గుర్తు తెలియకుండా ఇంటిపేరు మీద నల్ల సిరా పూయడం వాళ్ల పద్ధతి. ఉత్తపేరు మిగిలినా ఎవరో తెలియదని వాళ్ల ధైర్యం. సిరా పూసిన గుమాస్తా వేరే దేశంవాడు. వాడి దేశంలో ఇంటిపేరు చివర ఉంటుంది. అందుకని పేరు రాసిన వరసలో చివరి మాట మీద పూశాడు. అది నా పేరు. ముందున్న ఇంటిపేరు ఎండలో పెట్టినట్టు అలాగే ఉండిపోయింది. మా ఇంటిపేరు మా ఊళ్లో మూడు గడపలకే ఉంది, ఇంకెక్కడా లేదు. ఆ క్యాంపులో ఇద్దరికి ఉంది. నాకూ, తమ్ముడికీ.

నేను యార్డు దాటి బయటికి వెళ్లను. తమ్ముడు ఇంటిపేరున్న క్యాంపు కార్డు మెళ్లో వేసుకుని కూరగాయలకు వెళ్తాడు. కోర్టులో ఆ నకలు చూసిన ముఠా వాళ్లు వాణ్ణి బజారులో ఎత్తుకెళ్లారు.

ఆ రెండు రోజులు నేనెలా ఉన్నానో రాయను. మూడో రోజు పొద్దున సీఐ గారు ఎవరికీ చెప్పకుండా, చేతిలో ఏమీ లేకుండా, ముఠా వాళ్ల డీజిలు డిపోకు నడిచి వెళ్లారు. సాయంత్రం ఎండ ఉండగానే తమ్ముణ్ణి భుజం పట్టుకుని తీసుకొచ్చారు. వాడి ఒంటి మీద వంటగది ఏప్రాన్ అలాగే ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. వాడు నాతో అన్నది ఒక్కటే, "అన్నా, నన్ను ఇంటికంపీ." మర్నాడే పంపించాను. వారం తిరక్కుండా నేనూ వచ్చేశాను. తమ్ముడు ఇప్పుడు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో ఉన్నాడు. లారీ చప్పుడైతే ఇప్పటికీ లోపలి గదిలోకి వెళ్లిపోతాడు.

డిపోలో ఏం చెప్పి వాణ్ణి విడిపించారని అడిగితే సీఐ గారు చెప్పలేదు. ఆ కాగితం ఏమైందంటే, చూద్దాం అన్నారు. నేను ఒక దండం కూడా పెట్టకుండా విమానం ఎక్కాను.

తర్వాత ఆ డిపో మూయించారని విన్నాను. ముఠా పెద్దవాడు దొరకలేదు. వాడి మనుషుల్లో కొందరు యూనిఫాం వేసుకుని అదే సరిహద్దులో కస్టమ్స్ ఉద్యోగాల్లో చేరారట.

ఏళ్లు గడిచాయి. చాంగీ బిజినెస్ పార్క్ నిండా మన పిల్లలే కంప్యూటర్ల ముందు కూర్చునే రోజులొచ్చాయి. సీఐ గారి అమ్మాయికీ అక్కడే ఉద్యోగం. రిటైరై ఆయన కూతురి దగ్గరికి వచ్చారు. ఒక శనివారం బెడోక్ హాకర్ సెంటర్లో, అదే తిండి అంగళ్ల దగ్గర, నేను టిష్యూ పొట్లం పెట్టి ఆపుకున్న టేబుల్ దగ్గరికి వచ్చి, "మేస్త్రీ, చారు లేదా ఇక్కడ?" అన్నారు. నేను కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. ఈయన నన్ను వెతికి పట్టుకున్నాడంటే ఇంకెవరైనా పట్టుకోగలరు అనిపించింది. మా తలుపు మీద పేరు బోర్డు లేదు. ఇంతకాలం ఎందుకు లేదని మా కోడలు అడుగుతూనే ఉంది.

అయినా ప్రతి శనివారం కలిశాం. నేను ప్రతి శనివారం కాగితం సంగతి అడిగాను. ఆయన ప్రతి శనివారం చూద్దామన్నారు. మోకాళ్ల నొప్పికి ఏ బస్సు స్టాపు దగ్గర మెట్లు తక్కువో మాత్రం చెప్పేవారు. నా కళ్ల ఆపరేషన్‌కు వాళ్ల అమ్మాయి చేత సెలవు పెట్టించి తోడు పంపారు. కోపగించుకోవడానికి నాకు చోటిచ్చేవారు కాదు ఆ మనిషి.

రెండు నెలల కిందట మా మనవరాలు ఇంటికొచ్చి, కంపెనీ తనను పంపిస్తోందని చెప్పింది. ఆ దేశం సరిహద్దు కస్టమ్స్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టే పని, ఆరు నెలలు. దేశం పేరు వినగానే దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అంతా చెప్పాను. "తాతా, దట్ వాజ్ సో లాంగ్ అగో లా" అంది. మెళ్లో బ్యాడ్జీ చూపించింది. ఫోటో కింద పెద్ద అక్షరాల్లో మా ఇంటిపేరు.

సీఐ గారు అప్పటికే ఆస్పత్రిలో ఉన్నారు. వెళ్లి మంచం పక్కన నిలబడి చెప్పాను. కూర్చోమని మంచం అంచు చూపించారు. తర్వాత అన్నారు, "గుమాస్తాది కాదయ్యా తప్పు. నాది. పరాయి దేశంలో ఉన్నానని మర్చిపోయి మన పద్ధతిలో రాశాను."

పన్నెండేళ్లలో మొదటిసారి ఒప్పుకున్నారు. డిపోలో ఏం చెప్పారో కూడా చెప్పారు. ఆ ఇంటిపేరు మా దేశంలో వేలమందికి ఉంటుంది, వీడు వంటవాడు, మీకు కావలసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, అన్నారట. అబద్ధం. వాళ్లు నమ్మారో, అప్పటికి విసిగిపోయారో తనకూ తెలియదన్నారు.

"మరి కాగితం?" అన్నాను.

శాంతి దళం రికార్డుల ఆఫీసుకు ఏడుసార్లు రాశారట, నాకు చెప్పకుండా. సాక్షే స్వయంగా పేరు, చిరునామా రాసి అడిగితే తప్ప మార్చబోమని ఏడుసార్లూ ఒకటే జవాబు. "నువ్వు రాస్తే నీ చిరునామాతో ఇంకో కాగితం పుడుతుంది మేస్త్రీ. అది ఎవరి బల్ల మీదికి పోతుందో నాకు తెలియదు. అందుకే చెప్పలేదు" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. అప్పుడు దండం పెట్టాను, పన్నెండేళ్లు ఆలస్యంగా. ఆయన చూశారో లేదో తెలియదు.

ఆయన అబద్ధం ఒక్కటే ఇన్నాళ్లూ మా మూడు గడపలకూ కాపలా కాసింది. నా మనవరాలు ఆ బ్యాడ్జీతో ఆ కస్టమ్స్ ఆఫీసు గుమ్మంలో నిలబడితే ఆ అబద్ధం నిలుస్తుందా?

దహనానికి వచ్చినవాళ్లలో మా మనవరాలి మేనేజరు ఉన్నాడు. మనవాడే, ఈ పత్రిక చదువుతాడు. పక్కకు తీసుకెళ్లి చెప్పాను. "అంకుల్, ఇప్పుడక్కడ షాపింగ్ మాల్స్ ఉన్నాయి. టెన్షన్ పడకండి" అని నా భుజం తట్టాడు. నాకు అరవై ఆరేళ్లు. నా భుజం తట్టే వయసు కాదు అతనిది.

బాబూ, నీ పేరు రాయడం లేదు. నువ్వెవరో నీకు తెలుసు. ఆమె బదులు ఇంకొకరిని పంపుతావా, లేక ఆ బ్యాడ్జీ మీద, ఆ ఆఫీసుకు పంపే జాబితాలో ఇంటిపేరు తీసేయిస్తావా? రెంటిలో ఏదో ఒకటి నాకు చెప్పాలి. మాల్స్ గురించి చెప్పొద్దు. పెట్టె హాల్లో తెరిచి ఉంది, ఆ పిల్ల రోజుకు రెండు బట్టలు మడతపెట్టి అందులో పెడుతోంది. పద్నాలుగో తేదీ, గురువారం, సాయంత్రం ఆరు గంటల్లోగా జవాబు కావాలి. రాకపోతే శుక్రవారం పొద్దున మీ ఆఫీసు గాజు తలుపుల ముందు, మీ అందరి బ్యాడ్జీలూ నాకు కనపడేలా కూర్చుంటాను.