చెమ్మ ఆపడానికి మూసిన కిటికీ

పుప్పాలగూడలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో పడకగది గోడ ఒకటి ఎప్పుడూ తడిగా ఉండేది. దానికి అవతలి వైపు బాత్‌రూమ్. మొదట రంగు ఉబ్బింది. తర్వాత పొక్కులు లేచి రాలిపోయింది. ఇంకొన్నాళ్లకి లోపలి ప్లాస్టరింగ్ కూడా చేత్తో రాస్తే పిండిలా ఊడి వచ్చేది. మంచాన్ని కిటికీ వైపు జరుపుకున్నాం. బీరువా జరపడానికి చోటు లేదు. అందులోని బట్టలకి ముక్కిన వాసన పట్టుకుంది.

ఇంటి విషయాలన్నీ నా భార్య చూసుకునేది. నేను ప్రభుత్వ ఉద్యోగిని. పొద్దున్నే సిటీ లోపలికి వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాణ్ని. ఆమె గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. ఇంట్లో కూడా అదే పద్ధతి. ఏ కుళాయి ఎక్కడ కారుతోందో, ఏ స్విచ్చి వేడెక్కుతోందో నాకు తెలిసేలోపే ప్లంబరో ఎలక్ట్రీషియనో వచ్చి బాగుచేసి వెళ్లిపోయేవాడు. గోడ సంగతి కూడా ఇంటి ఓనరుతో ఆమే మాట్లాడింది.

ఓనరు పెద్దావిడ. పుట్టింది, మెట్టింది ఆ ఊళ్లోనే. ఇప్పుడు టవర్లు లేచినచోట ఒకప్పుడు వాళ్ల జొన్న చేలు ఉండేవట. ఉన్న కొంచెం స్థలంలో నాలుగంతస్తుల ఇల్లు కట్టించి, కింద తనుండి, పైవన్నీ కిరాయికిచ్చింది. మనిషి మంచిది. చెబితే వినేది, విన్నాక మర్చిపోయేది కాదు. మా కింది ఫ్లాట్‌లో వాళ్లు కూడా వంటింటి సీలింగు మీద మరక పడిందని ఫిర్యాదు చేయడంతో వానాకాలంలో మేస్త్రీని పిలిపించింది.

మేస్త్రీ టైల్స్‌ని తట్టి చూశాడు. సందులన్నీ గీకి మళ్లీ వైట్ సిమెంటు నింపాడు. వారం రోజులు బాత్‌రూమ్ వాడొద్దన్నాడు. మేం ఎదురింటివాళ్ల బాత్‌రూమ్‌లో స్నానాలు చేశాం. అయినా చెమ్మ తగ్గలేదు. రెండోసారి వచ్చినప్పుడు అతని చూపు పైనున్న వెంటిలేటర్ మీద పడింది. గాజు పలకలు ఏటవాలుగా అమర్చిన చిన్న కిటికీ అది. రెండిళ్ల మధ్య పైపులు దిగే సందులోకి తెరుచుకుని ఉండేది. డాబా మీది వాననీళ్లు ఆ సందులో పడి, చిట్లి, పలకల్లోంచి లోపలికి వస్తున్నాయని, గోడ పైనుంచి తాగుతోందని అతను తేల్చాడు. నిజంగానే ఆ కిటికీ కింద తడి చారలు ఉన్నాయి. నమ్మకపోవడానికి మాకు కారణం కనిపించలేదు. పైగా పావురాల బెడద. పలకల మధ్య పుల్లలు తెచ్చి పెట్టేవి.

“మూసెయ్యి. గీ నీళ్ల పంచాయితీ ఇయ్యాలతోని తెగిపోవాలె,” అంది ఓనరమ్మ.

పలకలు తీసేశారు. ఎప్పుడో కాలిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని కూడా పీకేశారు. వెలుతురు కోసం మందపాటి అద్దం బిగించి, చుట్టూ సిమెంటు పెట్టారు. మరి ఆవిరి ఎటు పోతుందని నా భార్య అడిగిందట. స్నానం అయ్యాక తలుపు తెరిచి ఉంచితే చాలని మేస్త్రీ చెప్పాడట. అప్పటికి ఉక్కపోత తగ్గలేదు, చన్నీళ్ల స్నానాలే. మూసిన కిటికీ వల్ల మాకేమీ తేడా తెలియలేదు. తడి గోడ ఆరడానికి కొన్ని నెలలు పడుతుందిలే అనుకున్నాం.

ఆ బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది. మాకంటే ముందున్నవాళ్లు బిగించుకుని, వెళ్తూ వెళ్తూ ఓనరుకి వదిలేసి పోయారు. సిలిండరు బయట బాల్కనీలో ఉండేది, మంట మాత్రం బాత్‌రూమ్ గోడ మీది పెట్టెలో వెలిగేది. కుళాయి తిప్పగానే వేడినీళ్లు వచ్చేవి. కరెంటు పోయినా ఇబ్బంది లేదు. ఆఫీసులకి పరిగెత్తే ఇళ్లలో అది పెద్ద సుఖం. ఆ వీధిలో చాలా ఇళ్లలో అలాంటివే ఉండేవి. మంటకి గాలి కావాలన్న సంగతి స్టవ్ దగ్గరైతే ఎవరికైనా తోస్తుంది. గోడకి తగిలించిన తెల్ల పెట్టెను చూస్తే తోచదు.

చలి మొదలయ్యాక గీజర్ వాడడం మొదలుపెట్టాం. ఆ రోజుల్లో ఆమెకి పొద్దున్నే తలనొప్పి వచ్చేది. ఆఫీసుకి వెళ్లాక తగ్గిపోయేది. మామూలుగా ఆఫీసులో తలనొప్పి వచ్చి ఇంట్లో తగ్గాలి కదా, నాకు తిరగబడింది అని నవ్వేది. చలిగాలికి సైనస్ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. నాకు రాకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. నేను రెండు చెంబులు గుమ్మరించుకుని వచ్చేసేవాణ్ని.

అది శుక్రవారం. తలంటుకునే రోజు కాబట్టి ఆమె స్నానానికి ఎక్కువసేపు పట్టేది. నేను ఇద్దరికీ టిఫిన్ బాక్సులు సర్దుతున్నాను. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు మారడం లేదని కాసేపటికి గమనించాను. మనిషి నీళ్లు పోసుకుంటుంటే చప్పుడు తగ్గుతూ హెచ్చుతూ ఉంటుంది. ఇది ఒకే ధారగా నేల మీద పడుతోంది. పిలిచాను. తలుపు కొట్టాను. పలకలేదు.

ప్లాస్టిక్ తలుపు. కింది సగం రెండు తన్నులకి విరిగింది. చెయ్యి పెట్టి గడియ తీశాను. ఆమె గోడకి ఆనుకుని కూలబడి ఉంది. తల ఒక పక్కకి వాలింది. ముఖం ఎర్రగా ఉంది, చూసినవాళ్లు ప్రాణం మీదికి వచ్చిందనుకోరు. గీజర్‌లో మంట ఇంకా వెలుగుతూనే ఉంది. వాసన ఏదీ లేదు. నాకూ ఒక్క క్షణం కళ్లు తిరిగాయి. కుళాయి కట్టేసి ఆమెని భుజాల కింద పట్టుకుని హాల్లోంచి బాల్కనీ దాకా లాక్కెళ్లాను. ఎందుకు బాల్కనీకి తీసుకెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. ఆలోచించి చేసిన పని కాదు. తర్వాత డాక్టరు, అదే ఆమెని బతికించిందన్నాడు.

తలుపు విరిగిన చప్పుడికి ఓనరమ్మ పైకి వచ్చింది. వచ్చీ రాగానే తన మీద కప్పుకున్న శాలువా తీసి నా భార్యకి చుట్టింది. కింది ఫ్లాట్ ఆయనని కారు తియ్యమని పంపింది. నాతో చెప్పిన మాట ఒకటే.

“బిడ్డా, ఊపిరున్నది. నువ్వు ఫికర్ పడకు, పట్టు, కాళ్లు పట్టు.”

ఆఫీసులకి వెళ్లే వేళ. నానక్‌రామ్‌గూడ వైపు కార్లు చీమల్లా కదులుతున్నాయి. కింది ఫ్లాట్ ఆయన హారన్ మీద చెయ్యి తీయకుండా నడిపాడు. అద్దాలన్నీ దించమని ఓనరమ్మ చెప్పింది. వెనక సీట్లో నా భార్య తల ఆవిడ ఒళ్లో ఉంది. తడి జుట్టులోంచి షాంపూ నురగ ఆవిడ చీర మీదికి కారుతోంది.

ఎమర్జెన్సీలో డాక్టరు కుర్రవాడు. బాత్‌రూమ్‌లో పడిపోయిందని చెప్పగానే అతను వేసిన మొదటి ప్రశ్న, “గ్యాస్ గీజరా?” అవునన్నాను. కిటికీ ఉందా అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా ఓనరమ్మ చెప్పింది. “ఉండె. నేనే మూయించిన.”

గాలి చాలకపోతే మంట సరిగా మండదని, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, అది వాసన లేని విషమని అతను చెప్పాడు. చలికాలంలో ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయట. కొందరు ఇంతదాకా కూడా రారట. ఆమె ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. సాయంత్రానికి నన్ను గుర్తుపట్టి, ఆఫీసుకి ఫోన్ చేశారా అని అడిగింది. కొన్ని రోజులకి ఇంటికి తీసుకొచ్చాను. దేవుడి దయవల్ల గండం గడిచిందని బంధువులందరూ అన్నారు. నేనూ అన్నాను.

మేం ఆసుపత్రిలో ఉండగానే ఓనరమ్మ ఆ అద్దం పగలగొట్టించింది. గీజర్ పీకించి, ఆ నీళ్ల లైను కట్టేయించింది. మిగతా ఫ్లాట్లలోని గీజర్లు కూడా తీయించింది. ఒక ఫ్లాట్‌వాళ్లు గొడవపడ్డారట. ఇష్టమైతే ఉండండి, లేకపోతే ఇల్లు ఖాళీ చేయండి అందట.

నీళ్ల లైను కట్టేసిన కొన్నాళ్లకి పడకగది గోడ ఆరిపోయింది. పూర్తిగా. కొత్తగా వచ్చిన ప్లంబరు గోడ చెక్కి చూశాడు. గీజర్‌కి నీళ్లు వెళ్లే పైపు గోడ లోపల ఒక మలుపు దగ్గర పగిలి ఉంది. చెమ్మ అంతా అక్కడిదే. కిటికీకి, దానికి ఏ సంబంధమూ లేదు. ఒక్కో లైనూ కొన్ని రోజులు కట్టేసి గోడ ఆరుతుందో లేదో చూసి ఉంటే మొదట్లోనే తెలిసేది. ఆ మాట ఓనరమ్మతో చెప్పాను. ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయింది.

“గా కిటికీ జోలికి పోకుంటే గిట్ల కాకపోతుండె గదా,” అంది.

ఆవిడని గట్టిగా అడగాలని నేను ఎన్నో మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. అవన్నీ వదిలేసి నేనూ ఆవిడ పక్కన కూర్చున్నాను.

నా భార్య తిరిగి ఉద్యోగానికి వెళ్లింది. మూడు వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు ఆమెతో పనిచేసే అమ్మాయి నాకు ఫోన్ చేసింది. లిఫ్ట్ దగ్గర చాలాసేపటినుంచి నిలబడి ఉందని, ఏ అంతస్తుకి వెళ్లాలో తెలియడం లేదంటోందని, ఒకసారి రమ్మని. వెళ్లేసరికి రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుని ఉంది, చేతిలో బ్యాగు పట్టుకుని, ఎవరో కూర్చోబెట్టినట్టు. ఏమైందని అడిగితే, “ఏం లేదండీ, కొంచెం ఆలస్యమైంది,” అంది.

ఆ వారంలోనే నడక మారింది. అడుగులు చిన్నవయ్యాయి. అన్నం కలిపి ముద్ద చేత్తో పట్టుకుని నోటి దాకా తీసుకెళ్లడం మర్చిపోయేది. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తే, నరాల డాక్టరు స్కాన్ చూపించి నెమ్మదిగా చెప్పింది. ఈ విషం మెదడుకి వేసే దెబ్బ కొందరిలో వెంటనే బయటపడదు, బాగైపోయారనుకున్నాక కొన్ని వారాలకి బయటపడుతుంది. చాలామంది కోలుకుంటారు, కానీ ఎంతవరకు అన్నది ఇప్పుడే చెప్పలేం.

ఆ సంవత్సరం నేను సెలవు మీద సెలవు పెట్టాను. ఆమెకి స్నానం చేయించడం, జడ వేయడం నేర్చుకున్నాను. నీళ్ల మోటారు స్విచ్చి ఎక్కడుందో, పప్పులు ఏ డబ్బాలో ఉంటాయో, గ్యాస్ ఎవరికి చెప్పాలో అన్నీ అప్పుడే తెలుసుకున్నాను. అడుగుదామంటే ఆమెకి గుర్తులేదు. ఓనరమ్మ రోజూ ఏదో ఒకటి వండి పైకి పంపేది. సాయంత్రాలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించేది.

నెలల తరబడి కొద్దికొద్దిగా కోలుకుంది. నడక తిరిగి వచ్చింది. మాట వచ్చింది. లెక్క రాలేదు. వరసగా నాలుగు పనులు చెబితే రెండో దాని దగ్గర ఆగిపోతుంది. ఉద్యోగం మానేసింది. కంపెనీవాళ్లు మర్యాదగానే పంపించారు. నాకు బాగా కష్టంగా ఉన్నది ఇంకొకటి. ఆమె ఇప్పుడు దేన్నీ తప్పు పట్టదు. ఏది పెట్టినా తింటుంది. ఏది కొన్నా బాగుందంటుంది.

తర్వాత మేం లింగంపల్లికి ఇల్లు మారాం. ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా నేను ముందు బాత్‌రూమ్‌లోకి వెళ్లి కిటికీ తెరిచి చూసేవాణ్ని. ఇంటి ఏజెంటు వింతగా చూసేవాడు. ఇప్పుడు తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల పెట్టొద్దని, బయట గాలి ఆడేచోట పెట్టి నీళ్లు మాత్రం లోపలికి తెచ్చుకోమని, మరమ్మతు పేరుతో ఏ కిటికీ మూసినా ఆ గదిలో ఏం మండుతోందో ముందు చూసుకోమని. విన్నవాళ్లు తలూపుతారు.

మొన్నీమధ్య మదీనాగూడలో మా ఆఫీసు సహోద్యోగి గృహప్రవేశానికి ఇద్దరం వెళ్లాం. ఇల్లంతా తిప్పి చూపిస్తూ బాత్‌రూమ్ కూడా చూపించాడు. కొత్త గ్యాస్ గీజర్ మెరుస్తోంది. వెంటిలేటర్‌కి దోమలు రాకుండా అద్దం వేయించాడు. నేను మెల్లిగా చెప్పాను. శుభమా అని ఇంట్లోకి వస్తుంటే ఇలాంటి మాటలేమిటన్నట్టు అతని ముఖం మాడింది. తర్వాత చూద్దాం లెండి అని తలుపు మూయబోయాడు.

నా వెనకే ఉన్న నా భార్య ముందుకి వచ్చింది. ఆ శుక్రవారం పొద్దున జరిగింది ఆమెకి గుర్తులేదు. దాని గురించి బయటివాళ్లతో ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“ఆయన చెప్పింది వినండి,” అంది. “ఒకప్పుడు నేను చాలా తెలివైనదాన్నట. అందరూ చెబుతుంటారు.”

అతను మమ్మల్ని భోజనాలకి రమ్మన్నాడు. తిని, తాంబూలం తీసుకుని వచ్చేశాం. ఆటోలో ఆమె నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మర్నాడు ఆఫీసులో అతను నాతో మామూలుగానే మాట్లాడాడు. ఆ అద్దం తీయించాడో లేదో చెప్పలేదు. రెండు మూడుసార్లు అడగబోయి ఊరుకున్నాను.