పందొమ్మిది చుట్లవాడు

మా బావమరిది పోయాడన్న కబురు వచ్చేటప్పటికి నేను ఏలూరు మిల్లులో ధాన్యం కొలుస్తున్నాను. కొల్లేటి ఒడ్డున ఉన్న మా అత్తవారి ఊరు నుంచి వాళ్ళ పొరుగాయన తెల్లవారకముందే దోనె మీద బయలుదేరి, గట్టెక్కి, అక్కణ్ణుంచి నడిచి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద ఎండి ఉంది. "ఏవండీ, మీ బావమరిది పోయాడండీ. తగ్గిందనుకున్న జ్వరం తిరగబెట్టిందండీ" అన్నాడు. నా చేతిలో కుంచం నిండుగా ఉంది. అది ఎన్నో కుంచమో మరిచిపోయాను. ఇన్నేళ్ళలో నేను లెక్క తప్పడం అదే మొదటిసారని బస్తాలు పట్టేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటిసారి కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా బావమరిది అంటే నా భార్యకు తమ్ముడు. పోయేనాటికి ఇరవై ఆరేళ్ళు. ఏలూరు చేపల బజారులో అతన్ని ఎరగనివాళ్ళు తక్కువ. కానీ అతన్ని పిలిచే పేరు వేరు. "పందొమ్మిది చుట్లవాడు" అనేవారు. పెద్దమైదానంలో ఇరవై చుట్ల సైకిలు పందెం జరిగిన రోజున, ఇంకా ఒక చుట్టు ఉండగానే గెలిచాననుకుని చేతులు పైకెత్తి సైకిలు దిగిపోయిన తెలివితక్కువవాడిగా అతను ఈ ఊరికి గుర్తు. మీలో కొందరు ఆ రోజు అక్కడే ఉండి ఉంటారు. నవ్వే ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టను. మీకు నిజం తెలియదు, తెలిసిన నేను నోరు విప్పలేదు.

అతను సైకిలు ఎక్కింది పందేల కోసం కాదు. కొర్రమీను బతికి ఉంటేనే కొనేవాళ్ళు కొంటారు. కొల్లేట్లో పట్టిన చేపను తడి గోనె పరిచిన బుట్టలో వేసి, సైకిలు వెనక కట్టుకుని, ఎండెక్కకముందే బజారుకు చేర్చాలి. గతుకుల గట్టు మీద అంత బరువుతో ఎలా తొక్కుతావురా అని అడిగితే, "తాటిదోనెలో నిలబడి గడ వేసినవాడికి ఇదెంతండీ బావగారూ. దోనె మీద కోపం చూపిస్తే నీళ్ళలో పడేది మనమే కదండీ. సైకిలూ అంతే" అనేవాడు. అతని మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

ఒకనాడు బజారు ఎదుట సైకిళ్ళు అద్దెకిచ్చే షాపాయన అతను తొక్కే తీరు చూసి, తిరునాళ్ళలో జరిగే అయిదు చుట్ల పందేనికి పేరు రాయించాడు. మైదానంలో సున్నంతో కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి, లోపలి వైపు వెదురుబొంగులు పాతారు. అందరివీ రోజూ తిరిగే సైకిళ్ళే. బురదరేకులు, స్టాండు, గంట ఊడదీసుకుని రావడమే తయారీ. మావాడు మొదటి మలుపులోనే జారి వెదురుబొంగును కావిలించుకున్నాడు. మోచేయి చెక్కుకుపోయింది. వాళ్ళక్క పసుపు అద్దుతూ తిడుతుంటే, అతను నా వైపు తిరిగి, "చేపల దారిలో మలుపు రెండు వైపులా ఉంటుందండీ. ఇక్కడ అన్నీ ఎడమకేనండీ. అదొక్కటీ నేర్చుకుంటే చాలండీ" అన్నాడు.

నేర్చుకున్నాడు. ఎండాకాలంలో కొల్లేరు లోపలికి తగ్గిపోయి, ఒడ్డున నేల పగుళ్ళిచ్చి గట్టిపడుతుంది. అక్కడ చేపలబుట్టలు నాలుగు దిక్కులా పెట్టుకుని, వాటి చుట్టూ గంటలకొద్దీ తిరిగేవాడు. కొంగలు కూడా అలవాటుపడి ఎగిరేవి కావు. మలుపుల్లో నేలకు ఆన్చి ఆన్చి ఎడమకాలి చెప్పు బొటనవేలి దగ్గర అరిగి చిల్లు పడింది. మరుసటి తిరునాళ్ళలో రెండోవాడుగా వచ్చాడు. తాడేపల్లిగూడెంలో గెలిచి లాంతరు తెచ్చుకున్నాడు. ఆ లాంతరు వాళ్ళమ్మకు ఇచ్చి, ద్వారకా తిరుమలకు సైకిలు మీదే వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. గుండుతో మా గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే నేను ముందు గుర్తుపట్టలేదు.

అప్పుడు వచ్చింది ఇరవై చుట్ల పందెం. బెజవాడలో సైకిళ్ళు అమ్మే పెద్ద షాపువాళ్ళు పెట్టించారు. గెలిచినవాణ్ణి చెన్నపట్నం పందేలకు పంపుతారు, పైగా షాపులో ఉద్యోగం. మావాడికి అంతకన్నా కావలసింది లేదు. చేపల బుట్ట దింపి పందెం సైకిలు ఎక్కడానికి అదొక్కటే దారి. అయిదు చుట్లయితే తొక్కేవాడే లెక్కపెట్టుకుంటాడు. ఇరవై చుట్లలో ఆ దుమ్ముకూ ఆయాసానికీ మతి ఉండదు. చివరి చుట్టుకు ముందు గంట కొడతారు కానీ, జనం గోలలో అది వినపడుతుందని నమ్మకం లేదు. అందుకని తొక్కేవాళ్ళు తలా ఒక మనిషిని గీత దగ్గర పెట్టుకున్నారు.

"మీరు నిలబడండి బావగారూ. గంటతో నాకు పనిలేదండీ. నేను మీ తువ్వాలే చూస్తానండీ" అన్నాడు.

నాకు గర్వం పొంగింది. ఉన్నమాట చెబుతున్నాను. మిల్లులో రోజుకు ఎన్ని వందల కుంచాలు కొలిచినా ఒక్కటి తప్పనివాణ్ణని నాకు పేరు. ఇరవై కూడా ఒక లెక్కేనా! ఆ వేసవి ఆదివారాలు కొల్లేటి ఒడ్డున నేనే అతనికి ఇరవై చుట్లు లెక్కపెట్టి తొక్కించాను. పందొమ్మిది అనగానే ఎర్ర తువ్వాలు ఊపేవాణ్ణి. అప్పుడు అతను ఉన్న బలమంతా కాళ్ళలోకి తెచ్చి చివరి చుట్టు తొక్కేవాడు.

పందెం రోజు మావాడు పది చుట్లదాకా మూడోవాడుగా ఉండి, తరువాత ఒక్కొక్కణ్ణే మలుపుల్లో లోపలినుంచి దాటాడు. నేను బిగ్గరగా లెక్కపెడుతున్నాను. పందొమ్మిది అన్నాను, తువ్వాలు ఊపాను. అతను తల వంచి విరుచుకుపడ్డాడు. రెండోవాడు సగం చుట్టు వెనకబడ్డాడు. గీత దాటి చేతులు రెండూ పైకెత్తి, కాళ్ళు వదిలేసి, సైకిలు దిగి నా వైపు వస్తున్నాడు. అప్పుడు వినపడింది గంట. చివరి చుట్టు గంట! జనం అరుస్తున్నారు. మిగతావాళ్ళు అతన్ని దాటి వెళ్ళిపోయారు. అతను మళ్ళీ ఎక్కాడు కానీ కాళ్ళలో ఏమీ మిగల్లేదు. నాలుగోవాడుగా వచ్చాడు.

లెక్క రాసేవాళ్ళే తప్పారని నేను వాళ్ళ మీదికి వెళ్ళాను. పుస్తకం చూపించారు. అయినా నేను ఒప్పుకోలేదు. "వీడు ఇరవై తొక్కాడండీ! నేను లెక్కపెట్టానండీ!" అని గొంతు చించుకుంటుంటే మా బావమరిది వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్ళంతా దుమ్ము, చెమట.

"ఊరుకోండి బావగారూ. నేనే తొందరపడి దిగానండీ" అన్నాడు. తరువాత వాళ్ళ వైపు తిరిగి, "ఆయన తప్పు లేదండీ. నేనే లెక్క తప్పానండీ" అన్నాడు.

నన్ను అల్లరిపాలు కాకుండా కాయడానికి అలా అన్నాడని అప్పుడు అనుకున్నాను. లెక్క సరిగ్గానే ఉందని ఇంకా నమ్ముతూనే ఉన్నాను.

మరునాడు పొద్దున మిల్లులో మొదటి కుంచం పోశాను. "లాభం" అన్నాను. రెండో కుంచం పోశాను. "రెండు" అన్నాను. అక్కడ ఆగిపోయాను.

మా పనిలో ఒకటి అనరు. మొదటి కుంచం పోస్తూ లాభం అంటారు, తరువాత రెండు, మూడు. శుభం పలికి మొదలుపెట్టడం మా ఆనవాయితీ. నోరు దానంతటదే అంటుంది. మైదానంలో జెండా పడి సైకిళ్ళు కదలగానే నా నోరు లాభం అంది. అప్పటికి ఒక్క చుట్టూ తిరగలేదు. మొదటి చుట్టు తిరిగి వచ్చేటప్పటికి రెండు అన్నాను. కొల్లేటి ఒడ్డున ఆదివారాలన్నీ అలాగే అన్నాను. ఆ వేసవంతా అతను తొక్కింది ఏనాడూ ఇరవై కాదు, పందొమ్మిదే. నా తువ్వాలు చూసి అతను తన ఊపిరిని పందొమ్మిదికే అలవాటు చేసుకున్నాడు.

ఆ పూటే వెళ్ళి చెప్పవలసింది. చెప్పలేదు. ధాన్యం ధర పడిపోయి మిల్లులో వారానికొకణ్ణి తీసేస్తున్న రోజులు అవి. కొలిచేవాడు నిండు మైదానంలో లెక్క తప్పాడని యజమాని చెవిన పడితే నన్ను ఉంచుతాడా? ఇద్దరు పిల్లలు. ఇవన్నీ నిజమే. కానీ వీటి వెనక ఇంకొకటి ఉంది. నాకు సిగ్గు. తప్పనివాణ్ణన్న పేరు పోతుందని. ఆ కుర్రవాడి పేరు పోయినా పరవాలేదనుకున్నాను.

అతనికి తెలియదులే అని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. తరువాత ఒకనాడు చేపలు దింపి మిల్లుకు వచ్చి, నా వెనక బస్తా మీద కూర్చున్నాడు. నేను చూడలేదు. కొత్త రాశి మొదలుపెట్టాను. లాభం, రెండు, మూడు. వెనక్కి తిరిగితే అతను నన్నే చూస్తున్నాడు. కోపం లేదు. విడని చిక్కుముడి విడితే మనిషి మొహం ఎలా తేటపడుతుందో అలా ఉంది. "వస్తానండీ బావగారూ, అక్కను అడిగానని చెప్పండి" అని లేచి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి అతను మిల్లుకు ఎప్పుడు వచ్చినా తిన్నగా లోపలికి రాలేదు. నేను కొత్త రాశి మొదలుపెట్టబోతుంటే గేటు దగ్గర సైకిలు మీదే, ఒక కాలు నేలకు ఆన్చి ఆగేవాడు. నేను రెండు అన్నాక లోపలికి వచ్చేవాడు. మొదటి మాట తన ఎదుట అనవలసిన ఇబ్బంది నాకు లేకుండా చేసేవాడన్నమాట. నాలుగేళ్ళు అలా చేశాడు. నేను నాలుగేళ్ళు అలా చేయనిచ్చాను.

పందేలకు మళ్ళీ పేరు ఇవ్వలేదు. ఇస్తే, "ఈసారి లెక్క నేర్చుకొచ్చావా?" అనేవాళ్ళు పదిమంది తయారు. చేపలు మోస్తూనే ఉన్నాడు. "చేప బతికుండగా బజారు చేరితే అదే గెలుపండీ" అనేవాడు. బజారులో "ఏం పందొమ్మిదీ!" అని పిలిచినా పలికేవాడు. మా ఆవిడ కూడా, అక్కగారన్న చనువుతో, విస్తరి ముందు కూర్చోబెట్టి ఆట పట్టించేది. అతను నవ్వేవాడు. నేను మజ్జిగ పోసుకునేవాణ్ణి.

జ్వరం రెండోవారంలో చూడ్డానికి వెళ్ళాను. ఈసారి చెప్పాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. సన్నబడిపోయాడు. మంచం పక్కన కూర్చుని, "ఒరే, ఆ పందెం సంగతి..." అన్నాను.

"మిల్లులో ఇంకా మనుషుల్ని తీసేస్తున్నారా బావగారూ?" అని అడిగాడు.

"లేదురా. ఇప్పుడు పరవాలేదు."

"అయితే మంచిదండీ" అని కళ్ళు మూసుకున్నాడు.

ఇంకొక్క మాట అంటే అయిపోయేది. నిద్రపోయాడు కదా, లేపడమెందుకు, మళ్ళీ వారం వస్తాలే అనుకున్నాను. మళ్ళీ వారానికి పొరుగాయన బురదకాళ్ళతో వచ్చాడు.

పెద్దకర్మనాడు వంటకు బియ్యం కొలవమని నాకే చెప్పారు. మా ఆవిడ గోనె మూతి పట్టుకుంది. మొదటి కుంచం పోశాను. నోట్లోంచి "ఒకటి" అని వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కొలతలో ఆ మాట అనలేదు.

"అదేవిటండీ, అలా అన్నారేం?" అంది.

చెప్పాను. కుంచం చేత్తో పట్టుకునే మొత్తం చెప్పాను. ఆమె గోనె మూతి వదిలేసింది. బియ్యం కొన్ని నేల మీద పడ్డాయి.

"వాడికి తెలుసాండీ?"

"తెలుసు."

కుంచం నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టింది. తరువాత, "మొన్న దీపావళికి పందొమ్మిది గారెలు పెట్టి, లెక్క సరిపోయిందేవిట్రా అన్నానండీ. సరిపోయిందక్కా అని నవ్వుతూ తిన్నాడండీ" అంది. అక్కడే నేల మీద కూర్చుని పడ్డ బియ్యం ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. నన్ను ఏరనివ్వలేదు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు అన్నం వడ్డిస్తూ, "నా ఒక్కదానికి చెబితే చాలదండీ. ఊరంతా నవ్వింది" అంది. అందుకని పత్రికకు రాశాను. ఇది మా యజమాని చదువుతారు. చదవనివ్వండి. నన్ను తీసేసినా అనడానికి నాకు మాట లేదు. అయ్యా, చేపల బజారులో ఉన్నవారికి ఒక్క మనవి. ఆ కుర్రవాడు లెక్క తప్పలేదు. నా లెక్కను నమ్మాడు.

ఈ పూట వరకూ కొలుస్తూనే ఉన్నాను. మొదటి కుంచం పోసి, లాభం అని, చెయ్యి ఆపుతాను. బస్తాలు పట్టేవాళ్ళు ఏమైందండీ అని అడగడం మానేశారు. గేటు వైపు చూస్తాను. అతను కాలు ఆన్చి నిలబడేచోట ఎండ పడి ఉంటుంది. కాసేపు చూసి, రెండు అంటాను.