టీచరమ్మ కమ్మలు

మా సోషల్ టీచరమ్మ మొండిగా ఏదైనా చెప్పేటప్పుడు కుడిచేయి చెవి కమ్మ మీదికి పోయేది. మొదటి జీతంతో కొనుక్కున్న ఎర్రరాళ్ల కమ్మలవి. "ప్రార్థనకొచ్చేదానికి ఈ కమ్మలెందుకు తల్లీ?" అని చర్చి పెద్దలు ఎన్నిసార్లు అడిగినా తీయలేదు.

నేను ప్రొద్దుటూరు బంగారు అంగడివాళ్ల పిల్లను. జమ్మలమడుగులో అమ్మమ్మ దగ్గరుండి చదువుకున్నాను. ఒకరోజు క్లాసులో టీచరమ్మ ఒక ఈజిప్టు రాజకుమారి గురించి చెప్పింది. బతికినన్నాళ్లూ ముఖం చూసుకున్న రాగి అద్దాన్నీ, వేసుకున్న నగలన్నిటినీ ఆమెతోపాటే సమాధిలో పెట్టారట. నాకు నమ్మకం కుదరలేదు. మా ఇళ్లలో మనిషి పోగానే ముక్కుపుడకతో సహా ఒలిచేస్తారు.

"ఇంట్లోవాళ్లు తీసుకోలేదా మేడం?" అన్నాను.

ఆమె చేయి కమ్మ మీదికి పోయింది. "ఆ పాప సొమ్ము ఆ పాపది. ఎనకాల దొంగలు తవ్వుకొని పోయింటారు, అది వేరే. ఇంట్లోవాళ్లు మాత్రం తీయలా. రేపు నావి గూడా ఎవురూ తీయకూడదు."

పోయినేడు ఆమె చనిపోయింది. నేను వెళ్లేసరికి పెట్టె మూత ఇంకా వేయలేదు. పులివెందుల నుంచి వచ్చిన ఆమె తమ్ముడు ఆ కమ్మల మరలతో కుస్తీ పడుతున్నాడు. నన్ను చూడగానే, "బంగారంగడోళ్ల పాపవు గదా, నీకు తెలుస్తాది. రవ్వంత తీసియ్యమ్మా," అన్నాడు.

ఆ మర ఎటు తిప్పితే వస్తుందో నాకు తెలుసు. ముందుకు వంగి, అతను సడలించినదాన్ని మళ్లీ గట్టిగా బిగించాను.

"ఆ ఈజిప్టు దేశంలో దొంగలన్నా పూడ్చేదాంక ఆగినారన్నా," అన్నాను.