గాలి కన్నాలు లేని బోర్డు

అంగలకుదురు మార్కు కట్టిన బోర్డు గాలికి పడిందన్న మాట తెనాలి చుట్టుపక్కల ఎవరి నోటా రాలేదు. ఇది గొప్పకు చెప్పడం కాదు, ఎరిగినవాళ్లంతా ఒప్పుకునే సంగతి. చర్చి శతజయంతికి కాలువ గట్టున ఆయన నిలబెట్టిన స్వాగత ద్వారం చూడడానికి దుగ్గిరాల నుంచి కూడా జనం వచ్చారు. బాపట్లలో ఒక గాలివానకు కరెంటు స్తంభాలే వంగిపోతే, వాటి పక్కన మార్కు కట్టిన కంటి శిబిరం బోర్డు కర్ర కదలకుండా నిలిచింది. రేపల్లెలో సభ పెట్టి మరీ శాలువా కప్పారు. ఊరి బడిలో ఐదో తరగతి దాటని మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆయన పద్ధతి ఒకటుంది. సరుగుడు కర్రల చట్రానికి ఫ్లెక్సీ బిగించాక, చిన్న కత్తితో అక్కడక్కడ అర్ధచంద్రంలా కోసి వదిలేస్తాడు. గాలి ఆ కన్నాల్లోంచి పోతుంది, బోర్డు మీద బరువు పడదు. నాయకుడి బుగ్గకు కన్నం పెట్టావేంటని పార్టీల వాళ్లు ఎన్నోసార్లు పోట్లాడారు.

"కన్నమున్న బుగ్గతో నిలబడతాడండి. లేకపోతే బోర్లా పడతాడు. మీ ఇష్టం" అనేవాడు మార్కు. చివరికి కన్నాలతోనే కట్టించుకునేవారు.

కిందటేడు వరి కోతలప్పుడు బాపట్లలో ఒక మ్యూజియం వాళ్లు ఈ కాలపు చిత్రకళకని కొత్త విభాగం కట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె దారుల్లో దాని ప్రచారం బోర్డులన్నీ కట్టే పని మార్కుకు అప్పగించారు. ప్రచారం చూసుకునే కుర్రాడు అనిరుధ్ ఫ్లెక్సీ చుట్ట విప్పి పరిచాడు. తెల్లటి నేల మీద మట్టి రంగు వలయం, దాన్ని దాటిపోతున్న ఒక నల్ల గీత. అడుగున ప్రారంభం తేదీ. అంతే.

"ఫోటో ఏదండి?" అన్నాడు మార్కు.

"ఫోటోలుండవండి మార్కుగారూ, ఈ బొమ్మే. ఒక్క మాట, దీనికి కన్నాలు పెట్టకూడదు. వేసినావిడ ఒప్పుకోలేదు. ప్రారంభం అయ్యేదాకా దించకూడదు. ఒప్పందంలో రెండూ ఉన్నాయి."

"గాలొస్తేనో?"

"గాలికి పడితే మీ తప్పు కాదండి. అదీ రాశాం."

"పడ్డాక తప్పెవరిదని ఎవరడుగుతారండి? మార్కు బోర్డు పడిందంటారు."

అయినా ఒప్పుకున్నాడు. ఊళ్లలోని బోర్డులకు ఇళ్ల చాటు ఉంది, వాటికి భయం లేదు. చెరుకుపల్లి దగ్గర రేపల్లె రోడ్డు మీదివి రెండూ అన్నిటికన్నా పెద్దవి, చుట్టూ చేలు తప్ప అడ్డు లేదు. వాటికి కర్రలు ఇంకా లోతుగా పాతాడు.

ఆ బోర్డుల కిందే రోడ్డు వార సీతారావమ్మ ధాన్యం ఆరబోసుకుంటోంది. భర్త పోయాక కౌలుకు పొలం చేస్తున్న మనిషి. కాలితో ధాన్యం తిరగేస్తూ తలెత్తి చూసింది.

"అన్నయ్యా, ఇది ఏ పార్టీది?"

"పార్టీ కాదు చెల్లెమ్మా. బొమ్మల మ్యూజియం."

"ముఖం లేదేంటి మరి? ఎవరికి దండం పెట్టాలి?"

"చూసిపోవడమే. దండాలక్కర్లేదంట."

"అయితే మంచోళ్లే" అని నవ్వింది.

ప్రారంభానికి ఇంకా నాలుగు రోజులుందనగా వాయుగుండం కబురొచ్చింది. మధ్యాహ్నానికి గాలి లేచింది. మార్కు కత్తి జేబులో వేసుకుని, భుజాన నిచ్చెనతో చెరుకుపల్లి చేరేసరికి రెండు ఫ్లెక్సీలూ తెరచాపల్లా ఉబ్బుతున్నాయి. కర్రలు కిర్రుమంటున్నాయి. సీతారావమ్మ ధాన్యం రాశిగా ఎత్తి, పైన తన చీరలు కప్పుతోంది. కప్పే టార్పాలిన్ పట్టాల కోసం ఊరంతా తిరిగినా ఒక్కటీ దొరకలేదు.

ఒప్పందం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుని మార్కు నిచ్చెన ఎక్కాడు. నాలుగు కన్నాలు పెడితే చాలు, ఆ బోర్డు ఏ గాలికీ లొంగదు. కత్తి తీశాడు.

"కొయ్యకు అన్నయ్యా!" సీతారావమ్మ పరుగెత్తుకొచ్చింది.

"కొయ్యకపోతే పడిపోద్దమ్మా."

"కన్నం పడితే దేనికి పనికొస్తది? అది నాకియ్యి. ఈ గింజ తడిసిందంటే కౌలు కట్టలేను. కట్టలేకపోతే మళ్లీ నాకు చేను ఇవ్వరు."

"నా బోర్డు ఇంతవరకూ కింద పడలేదు, చెల్లెమ్మా."

నిచ్చెన గాలికి జారుతుంటే ఆమె రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

మార్కు పైనుంచి చూశాడు. మొదటి చినుకులు పడుతున్నాయి. చీరలు అప్పుడే తడిసి రాశిని అంటుకుపోతున్నాయి. కత్తి మడిచి జేబులో పెట్టుకుని పట్టకారు తీశాడు. తన చేత్తో బిగించిన తీగలు తన చేత్తోనే ఒక్కొక్కటీ తెంపాడు. రంగు గింజకు అంటకుండా బొమ్మ పైకి పెట్టి, రెండు ఫ్లెక్సీలూ రాశి మీద పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టాడు. రోడ్డు పక్కన ఉత్త కర్రలు మిగిలాయి.

రెండు రోజులు వాన విడవలేదు. తెరిపి ఇచ్చిన పూట అనిరుధ్ కారులో బోర్డులు చూసుకుంటూ వచ్చాడు. మార్కు అక్కడే ఉన్నాడు. పక్క రాశుల్లో గింజ మొలకెత్తి ముక్కిన వాసన వేస్తోంది. సీతారావమ్మ ధాన్యం పొడిగా ఉంది. అనిరుధ్ కర్రల వంక చూశాడు. రాశి మీద మట్టి రంగు వలయం చూశాడు. అతనికి సంగతి తెలిసిపోయింది.

"గాలికి పడ్డాయని రాసుకుంటానండి" అన్నాడు మెల్లగా. "మీకేం ఇబ్బంది ఉండదు. ముందు ముందు పనులూ మీకే."

"గాలికే బాబూ, గాలికే" అంది సీతారావమ్మ గబగబా.

"నువ్వుండు చెల్లెమ్మా" అన్నాడు మార్కు. "పడలేదండి. నా బోర్డు పడదు. నేనే దించాను. అలాగే రాయండి."

"అలా రాస్తే మా పైవాళ్లు మళ్లీ మీకు పని ఇవ్వనివ్వరండి."

"తెలుసండి."

అనిరుధ్ ఆయన చెప్పినట్టే రాసుకున్నాడు. ఆ దారిన బోర్డులు లేకుండానే ప్రారంభం జరిగిపోయింది. మ్యూజియం పని ఇప్పుడు వేరే ఊరి వాళ్లు చేస్తున్నారు. వాళ్ల బోర్డుల ముందు నుంచి వెళ్లేటప్పుడు మార్కు బండి ఆపడు. రేపల్లె రోడ్డు మీద నీ బోర్డు పడిందటగా అని ఎవరైనా అంటే మాత్రం ఆపుతాడు. బండి దిగి, స్టాండు వేసి, దించిన సంగతి మొదటి నుంచీ చెప్పి గానీ కదలడు.